కటీఫ్ చెప్పకుండానే కటీఫ్!

"ఏం రా, నన్ను బ్లాక్ కొట్టినవంట?"

కాచిగూడ చౌరస్తాలో, ఇరానీ చాయ్ సాసర్లో పోసుకుంటూ మా దోస్తు అడిగిన మొదటి మాట ఇది. పాతికేళ్ల స్నేహం మాది. ఒకే గల్లీ, ఒకే స్కూలు, ఇద్దరికీ ఒకటే సైకిలు. హీరోలు మాత్రం వేరు! పండక్కి ఇద్దరి సినిమాలూ ఒకేసారి వచ్చాయంటే మూడు రోజులు కటీఫ్. నాలుగో రోజు వాడే వచ్చి సైకిలు అడిగేవాడు. ఏదైనా మొహం మీద చెప్పి మరీ చేసిన కటీఫ్ అది.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా అక్కడే.

నేను పత్రికలకు సినిమా సంగతులు రాసి బతికేవాణ్ణి. ఆ మధ్య ఓ పెద్ద హీరో సినిమా బాగాలేదని రాశాను. పేరెందుకు లెండి, మళ్లీ మొదలవుతుంది! మూడు రోజులు ఫోను తెరిస్తే తిట్లే. మా అమ్మను కూడా వదల్లేదు. విసిగిపోయి, అప్పటికే ఖాతాలున్న మాస్టోడాన్, బ్లూస్కైలకు పూర్తిగా మకాం మార్చాను. మా వాడు ఆ రెండింట్లోనూ ఉన్నాడు.

మన భాషలో చెప్పాలంటే ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్, ఒకే ప్రొప్రయిటరు నడిపే హాలు. 2024 నవంబరులో అక్కడ రూలు మార్చేశారు. మీరు బ్లాక్ చేసిన మనిషి మీరు బాహాటంగా పెట్టినవి చదవొచ్చు, జవాబు మాత్రం ఇవ్వలేడు. మీకు నచ్చినా నచ్చకపోయినా అంతే. 2016లో జర్మనీ కుర్రాడు యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన మాస్టోడాన్ అలా కాదు. అది మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లాంటిది. హాళ్లు బోలెడు, ఎవరి గేటు వారిది, ఒక హాల్లో కూర్చుని పక్క హాలు వాళ్లతో మాట్లాడొచ్చు. 2019లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసినప్పుడు మన దేశం నుంచి చాలామంది అటు నడిచారు.

ఇక్కడ మీరొకణ్ణి బ్లాక్ చేస్తే మీ హాలు వాడి హాలుకు కబురు పంపుతుంది. ఇద్దరి మధ్య ఫాలోలు తెగిపోతాయి. తర్వాత మనసు మార్చుకుని బ్లాక్ తీసేసినా అవి వాటంతటవి అతుక్కోవు, మళ్లీ మొదట్నుంచే. అవతలి హాలు ఆ కబురును మన్నించాలి, అంతా మర్యాద మీద నడిచే వ్యవహారం. మర్యాద లేని హాలయితే మేనేజరు మొత్తంగా గేటు మూసేస్తాడు. 2019లో గాబ్ అనే సంస్థ మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్ వేసుకుని వస్తే చాలా హాళ్లు చేసిన పని అదే.

మ్యూట్ సంగతి వేరు. అది మన చెవిలో మనం దూది పెట్టుకోవడం. అవతలి వాడికి కబురు వెళ్లదు, ఫాలో తెగదు. వాడు మన రాతలు చదువుతూనే ఉంటాడు, మనతో మాట్లాడుతున్నాననే అనుకుంటాడు.

బ్లూస్కైలో ఇంకో తమాషా ఉంది. అక్కడ మ్యూట్ గుట్టు, బ్లాక్ రట్టు! ఎవరు ఎవర్ని బ్లాక్ చేశారో బాహాటంగా ఉంటుంది. ఎన్ని చోట్ల నుంచి చూసినా ఆ బ్లాక్ చెల్లాలంటే అన్ని చోట్లా తెలియాలి మరి. పైగా ఎవరో తయారుచేసిన లిస్టు పట్టుకుని అందులో ఉన్నవాళ్లందరినీ ఒక్క దెబ్బతో బ్లాక్ చేయొచ్చు. లిస్టు వాడు రేపు ఇంకో పేరు చేరిస్తే అదీ మన ఖాతాలో పడుతుంది.

తిట్ల బాధకు నేనూ అలాంటి లిస్టొకటి పట్టుకున్నాను. పేర్లు చూసుకోలేదు. మా వాడు అందులో ఉన్నాడు! అన్యాయమేం కాదు లెండి, వాడి నోరు నాకు తెలియదూ?

"లిస్టు రా, నేను కావాలని చెయ్యలేదు" అన్నాను. అక్కడికక్కడే ఫోను తీసి లిస్టు వదిలించుకున్నాను. వాడు చాయ్ ముగించి నెమ్మదిగా అన్నాడు: "అది సరే రా. మా బాపుకు ఆపరేషన్ అయిననాడు మాస్టోడాన్‌ల రక్తం కావాలని రాసిన. నీ పేరు గూడ పెట్టిన. నువ్వు పలకలే. బిజీ ఉన్నడేమో అనుకున్న. ఇయ్యాల ఈ బ్లాక్ చూసినంక, అట్ల కాదు అనిపించింది."

నాకు గొంతు తడారిపోయింది. ఆ రాత నేను చూడలేదు. ఆర్నెల్ల కిందట వాడి హీరో సినిమా విడుదలైనప్పుడు గంటకో పోస్టరు పెట్టి ప్రాణం తీస్తుంటే మాస్టోడాన్‌లో వాణ్ణి మ్యూట్ చేశాను. వారం రోజులకని గడువు పెట్టే వీలుంది. నేను పెట్టలేదు. పెట్టలేదన్న సంగతీ మరిచిపోయాను. నా పేరు పెట్టి పిలిచినా ఆ పిలుపు నాకు చేరలేదు. చిన్నప్పుడైతే వాడు నాలుగో రోజు సైకిలు కోసం వచ్చేవాడు. ఈ కటీఫ్ జరిగినట్టే వాడికి తెలియదు, ఇంకెలా వస్తాడు?

రక్తం వేరేవాళ్లు ఇచ్చారు. పెద్దాయన ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ సాయంత్రమే వెళ్లి పలకరించి వచ్చాను. "ఏం నాయనా, కనబడటమే మానేసినవు" అన్నారాయన.

మా వాడి కోపం చల్లారింది. తారకరామలో ఫస్ట్ షోకి టికెట్లు వాడే తీశాడు, వాడి హీరో సినిమాయే. ఈలలు వేస్తుంటే నోరు మూయించలేదు. బ్లాక్ సంగతి చెప్పాను గానీ మ్యూట్ సంగతి చెప్పడానికి ఇంటర్వెల్లో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ సమోసా కొనిపెట్టి ఊరుకున్నాను.

నా పేరు అచ్చయిన పత్రిక వాడు వదలడు. ఈపాటికి ఇక్కడిదాకా చదివే ఉంటాడు. ఒరే, ఆ మ్యూట్ ఆ రాత్రే తీసేశాను రా. సైకిలు కావాలంటే రా.