జంగ్ నుంచి జా దాకా

మా రోల్‌ప్లే క్లబ్బులో ఈ సెమిస్టర్ అంతా పేర్ల గొడవే. మేం ఆన్‌లైన్‌లో ఆడే ఆటలో పాత హైదరాబాద్‌లాంటి ఒక ఊరు ఉంటుంది, ఆ ఊర్లో కొన్ని కుటుంబాలు ఉంటాయి. బిరుదు ఎవరికి ఇవ్వాలి? ఒకరికి వచ్చిన బిరుదును ఆ కుటుంబంలో మిగతావాళ్లు కూడా పెట్టుకోవచ్చా? ఆట మానేసినవాళ్ల పేరు ఏమవ్వాలి? వీటికి రూల్స్ రాసే పని ముగ్గురికి పడింది, అందులో నేనొకడిని. ముందు వేరే గేముల రూల్స్ తిరగేశాం. తర్వాత తట్టింది, ఇదే ఆటను రెండొందల ఏళ్లకు పైగా నిజంగా ఆడిన ఊర్లోనే కదా మనం ఉన్నది! అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తే సగం రూల్‌బుక్ బోర్డుల మీదే దొరుకుతుంది.

నాంపల్లితోనే మొదలుపెడదాం. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో నేక్‌నామ్ ఖాన్ అనే పెద్ద అధికారి ఉండేవాడు. అది ఆయనకు వచ్చిన బిరుదు. 'నేక్ నామ్' అంటే మంచి పేరు. ఆ 'నామ్'కి మన 'పల్లి' తగిలి నాంపల్లి అయిందంటారు. బిరుదు ఊరి పేరైంది, తల్లిదండ్రులు పెట్టిన పేరు మాత్రం మనలో ఎవరికీ తెలీదు.

అబిడ్స్ కథ దీనికి రివర్స్. ఆల్బర్ట్ ఆబిడ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర బట్టలూ సామాన్లూ చూసుకునే పరిచారకుడు. తర్వాత ఇక్కడ దుకాణం పెట్టాడు. జనం "ఆబిడ్స్ దగ్గర" అనడం మొదలుపెట్టారు. ఫర్మానా లేదు, దర్బారు లేదు. మనిషీ లేడు, దుకాణమూ లేదు. పేరు మాత్రం బస్సు కండక్టర్ నోట్లో రోజూ వినిపిస్తుంది.

ఈ రెండింటి మధ్యలో మొజంజాహీ మార్కెట్ ఉంది. అక్కడ ఐస్‌క్రీమ్ తినని స్టూడెంట్ ఉండడు గానీ, పేరులో చివరి ముక్క ఏంటో ఆలోచించినవాళ్లు తక్కువ. ఏడో నిజాం రెండో కొడుక్కి ఇచ్చిన బిరుదు మొజ్జం జా. 'జా' అంటే ఉన్నత స్థానం. ఆసఫ్‌జాహీల బిరుదుల నిచ్చెనలో అదే పై మెట్టు. కింద నుంచి చెప్పాలంటే ఖాన్ బహదూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా. అచ్చం గేములో లెవెల్స్ లాగే. హిందువులకు వేరే నిచ్చెన: రాజా, రాజా బహదూర్, మహారాజా ఇలా.

ఒకే మనిషి మెట్టు మెట్టూ ఎక్కడం చూడాలంటే సాలార్‌జంగ్‌ని చూడాలి. 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా చేసిన ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. సాలార్ జంగ్, షుజా-ఉద్-దౌలా, ముఖ్తార్-ఉల్-ముల్క్ అని మూడు మెట్లు ఎక్కాడు. జనం మాత్రం ఆయన్ని కింది మెట్టు దగ్గరే గుర్తు పెట్టుకున్నారు, మ్యూజియానికీ ఆ పేరే. పైగా మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్. చూస్తే ఇది ఇంటిపేరులా వారసత్వంగా వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ బిరుదు నిజాం ఇస్తేనే వచ్చేది, కొడుక్కైనా మనవడికైనా. మా భాషలో చెప్పాలంటే ఇక్కడ ఇన్‌హెరిటెన్స్ ఆటోమేటిక్ కాదు. పర్మిషన్ ఎప్పుడూ అడ్మిన్ చేతిలోనే.

ఆ అడ్మిన్ వంశం సంగతేంటి? మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్‌కి చిన్ కిలిచ్ ఖాన్ అన్న బిరుదు ఔరంగజేబు ఇచ్చాడు. నిజాం-ఉల్-ముల్క్ ఫరూఖ్‌సియర్ ఇచ్చాడు. ఆసఫ్ జా మహమ్మద్ షా ఇచ్చాడు. చివరి రెండూ పట్టుకునే 1724 నుంచి 1948 దాకా ఏడు తరాలు ఏలారు. 'నిజాం' బిరుదే, 'ఆసఫ్‌జాహీ' బిరుదే. అందరికీ పేర్లు పంచిన ఇంటి పేరు కూడా ఇంకొకరు ఇచ్చిందే.

కుటుంబ గ్రూపులకు మంచి ఉదాహరణ పాయిగాలు. నిజాం ఇంటితో వియ్యమందిన ఈ కుటుంబం మూడు శాఖలైంది: ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాయీ. మూడూ శాఖ పెద్దల బిరుదులే. ఆస్మాన్ జాకి ఉన్న ఇంకో బిరుదు బషీర్-ఉద్-దౌలా, దాన్నుంచే మన బషీర్‌బాగ్. మనవాళ్లలో అయితే నగర కొత్వాల్ వెంకటరామారెడ్డి గారు. అబిడ్స్‌లో రెడ్డి హాస్టల్ పెట్టడంలో ముందున్న ఆయన బిరుదు రాజా బహదూర్. నారాయణగూడలో మహిళా కాలేజీని మన ఫ్రెండ్స్ "ఆర్‌బీవీఆర్‌ఆర్" అని గబగబా అనేస్తారు. మొదటి రెండు అక్షరాలు ఆ బిరుదువే.

ఇక్కడిదాకా రూల్స్ రాయడం సరదాగానే సాగింది. అప్పుడు ఒక సభ్యుడు కొత్త కుటుంబ గ్రూపుకి అప్లికేషన్ పెట్టాడు. దేశ్‌ముఖ్ కుటుంబం, ఒక గడీ, పెద్దకి 'దొర' అనే బిరుదు. దాంతోపాటు ఒక రూల్ అడిగాడు. గడీలోకి వచ్చే ప్రతి ప్లేయరూ "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అని టైప్ చేశాకే ఆట మొదలవ్వాలి. చరిత్రలో అలాగే ఉండేది కదా, అలాగే చూపిద్దాం అన్నాడు. వాదన తప్పని కొట్టిపారేయలేం. వెట్టి నిజం, గడీలు నిజం, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటమూ నిజం. తీసేస్తే మన ఊరు అబద్ధపు ఊరవుతుంది.

అప్పుడు నల్గొండ వైపు నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకే మాట అంది. "మా తాత వాళ్ల నాయిన ఆ మాట అన్నోడు. అనిపించుకున్నోడు కాదు. నేను ఆటల గూడ అనను."

కాసేపు ఎవరూ ఏం టైప్ చేయలేదు. నాకైతే అప్పటిదాకా పోగేసిన బిరుదులన్నీ ఒక్కసారి తిరగబడి కనిపించాయి. మేం మూడు వారాలుగా చర్చించింది బిరుదు పెట్టుకునేవాడి వైపు నుంచే. ఎవరికి ఇవ్వాలి, ఎంతకాలం ఉండాలి, ఎవరికి పోవాలి. దాన్ని రోజూ పలకాల్సినవాడి గురించి ఒక్క రూలూ లేదు. బిరుదు ఒకరి పేరుకు తగిలినా, బతికేది పక్కవాడి నోట్లో. అబిడ్స్ అన్న పేరు జనం ఇష్టంగా అన్నారు. దొర అని భయంతో అన్నారు. రెండూ నోటి మాటలే, కానీ ఒకటి కాదు.

మన రాజ్యాంగం రాసినవాళ్లకు ఇది బాగా తెలుసనుకుంటా. 18వ అధికరణం ప్రకారం సైనిక, విద్యాపరమైన గుర్తింపులు తప్ప ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదు. పద్మ పురస్కారాలు బిరుదులు కావని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది, అయితే పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదు. తెలుగు సినిమా టైటిల్స్‌లో పేరు ముందు పద్మశ్రీ వేసినందుకు మన హైకోర్టు దాకా కేసు వెళ్లింది కూడా. గౌరవం ఉంచుకో, ఎదుటివాడితో అనిపించుకోకు అన్నదే దీని సారం.

మా డ్రాఫ్ట్ ఇప్పుడిలా ఉంది. బిరుదు సభ్యులందరి ఓటుతోనే, ఎందుకిస్తున్నామో ఒక వాక్యం రాసి ఇవ్వాలి. బిరుదు పక్కన అసలు పాత్ర పేరు ఎప్పుడూ కనిపించాలి, నేక్‌నామ్ ఖాన్‌లా మాయమవకూడదు. కుటుంబానికి ఇంటిపేరు వారసత్వంగా వస్తుంది, బిరుదు రాదు. ఆట మానేసినవాళ్ల పేరు ఆటలో ఏదో ఒక సందుకు పెడతాం, ఆబిడ్‌కి దక్కినట్టు. గడీ ఉంటుంది, దొర పాత్ర ఉంటుంది, దొరను ఎదిరించే పాత్రలూ ఉంటాయి. కానీ ఏ బిరుదునూ పలకమని ఎవరినీ ఏ రూలూ బలవంతపెట్టదు.

చివరి రూల్ మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. దేశ్‌ముఖ్ అప్లికేషన్ పెట్టినతను ఇప్పటికీ ఒప్పుకోలేదు, అతని కారణాలు అతనికున్నాయి. ఈలోగా మా క్లాస్‌మేట్ కూడా ఒక కుటుంబ గ్రూపు రిజిస్టర్ చేసింది. గడీ పక్క ఊర్లో ఒక ఇల్లు, ఏడుగురు మనుషులు. బిరుదు కాలమ్‌లో ఒక గీత గీసింది. శనివారం రాత్రి ఓటింగ్.