హోసూరు పాత మిద్దె

మద్రాసు నుండి హోసూరు పోదలచినవారికి నా సలహా ఒకటే: రైలు ఊసెత్తక బస్సెక్కండి. బెంగుళూరు పోయే రైళ్లు దాదాపు అన్నీ జోలారుపేట దగ్గర బంగారుపేట వైపు తిరిగిపోతాయి. మా ఊరి ముఖం చూడవు. బస్సయితే వేలూరు, ఆంబూరు, వాణియంబాడి దాటి కృష్ణగిరి చేరేసరికి మామిడితోపులు ఎదురవుతాయి. అక్కడినుంచి శూలగిరి మీదుగా దారి పైకెక్కుతుంది. కిటికీలోంచి వచ్చే గాలి ఒక్కసారిగా చల్లబడితే ఊరు దగ్గరపడిందన్నమాట. మాది సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తు. మద్రాసులో నలభై ఏళ్లు చెమటోడ్చిన నావంటివాడికి ఆ గాలి సోకితే చాలు, పుట్టిల్లు చేరినట్టుంటుంది. (చెన్నై అనాలని నా మనుమలు దిద్దుతూనే ఉంటారు. నోరు తిరగదు.)

2016 నవంబరు మూడో వారంలో ఆ దారినే వెళ్లాను. చెల్లే నోట్లు ఒక జేబులో, చెల్లని నోట్లు ఇంకో జేబులో పెట్టుకుని ప్రయాణం. అన్నగారు కబురు పంపారు: "ఇల్లు బేరం కుదిరింది, సంతకానికి రా" అని. తీరా బయలుదేరేలోగా 8వ తేదీ రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. కొనేవాడు మళ్లీ కనిపించలేదు. అయినా టిక్కెట్టు కొన్నాను గదా అని వెళ్లాను.

శూలగిరి దాటినప్పటినుంచీ రోడ్డుకు రెండుపక్కలా చూడదగ్గ విచిత్రం ఒకటుంది. రాగిచేలుగా నేనెరిగిన నేలంతా తెల్లరాళ్లు పాతి, రంగురంగుల జెండాలు కట్టి, ముందు ఒక స్వాగతద్వారం నిలబెట్టి ఉంది. ద్వారం లోపల ఇల్లు లేదు, మనిషి లేడు, గొర్రెలు మేస్తున్నాయి. దానికి నోట్ల రద్దు ఒక్కటే కారణం కాదు. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరు 9న, అనుమతి లేని ప్లాట్లను రిజిస్టరు చేయరాదని మద్రాసు హైకోర్టు ఉత్తరువిచ్చింది. నిజానికి మంచి ఉత్తరువే. చెరువులు, పొలాలు అడ్డగోలుగా ముక్కలవడం దానివల్ల కొంతైనా ఆగింది. కాని కూతురి పెళ్లికని ఒక ప్లాటు కొని పెట్టుకున్న బస్సు కండక్టరు, దాన్ని అమ్మబోయి రిజిస్ట్రారు కచ్చేరీ మెట్లమీద కూలబడ్డం నేను కళ్లారా చూశాను. మంచి ఉత్తరువు మొట్టమొదట తాకేది అటువంటివారికే.

ఇక మా ఇంటి సంగతి. చంద్రచూడేశ్వరస్వామి కొండ కనిపించేంత దూరంలో మా తాతగారు 1931లో కట్టించిన మిద్దె అది. ముందు జగలి, లోపల నడవ, మధ్య గది, వెనుక వంటిల్లు, బావి. జగలి అంటే కోస్తావారు అరుగంటారు, అదే. మా చిన్నతనంలో నాయనమ్మ ఆ జగలి మీదే వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టి పలకల మీద ఓనమాలు దిద్దించేది. వాళ్లలో తెలుగువాళ్లే కాదు, కన్నడం వాళ్లు, తమిళులు కూడా ఉండేవారు. హోసూరులో అంగడికి పోతే మూడు భాషల్లో బేరమాడి నాలుగోదానిలో డబ్బివ్వాలని మా నాయన పరిహాసం. ఇప్పుడు ఆ వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

అమ్మాలని అన్నకు కోరికేమీ లేదు. కొడుకు కష్టం అలా అనిపించింది. వాడు బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగి. 2014లో కడుతున్న ఫ్లాటొకటి కొన్నాడు. రెండేళ్లలో తాళంచెవి ఇస్తామన్నవారు పునాదులు దాటి ఏడో అంతస్తు దాకా వచ్చి ఆగిపోయారు. వాడికి ఒకవైపు అద్దె, ఇంకోవైపు బ్యాంకు వాయిదా. కంపెనీ పేరెందుకు లెండి, అప్పుడు అటువంటివి చాలా ఉన్నాయి. ఆ అప్పు తీర్చడానికి పాత ఇల్లు అమ్మాలని అన్న ఆలోచన. మొదటి బేరం అరవైరెండు లక్షలు. 2017 మార్చిలో ఇంకొకాయన వచ్చి నలభై అయిదన్నాడు. ఆ జూన్ 9న మా రాష్ట్రంలో ప్రభుత్వపు భూమి విలువ మూడో వంతు తగ్గించి, రిజిస్ట్రేషను రుసుము మాత్రం నూటికి ఒకటినుంచి నాలుగుకు పెంచారు; స్టాంపు సుంకం ఏడుతో కలిపితే పదకొండు. ఆ లెక్క విన్నవెంటనే నలభై అయిదువాడు కూడా కాఫీ తాగి వెళ్లిపోయాడు.

అలా ఇల్లు మాకు మిగిలిపోయింది. కాని అప్పటికే అది కారుతోంది.

మద్రాసు మిద్దె ఎలా కడతారో ఇప్పటి పిల్లలకు తెలియదు గనుక కొంచెం చెబుతాను. టేకు దూలాలు దగ్గర దగ్గరగా వేసి, వాటిమీద పలచని చిన్న ఇటుకల్ని అంచుమీద నిలబెట్టి, సున్నంతో ఏటవాలు వరసల్లో పేరుస్తారు. పైన ఇటుకజల్లి, సున్నం కలిపి పరచి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్యలతో రోజుల తరబడి తడతారు. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ తట్టాలి. ఆపైన పలచని పెంకు పలకలు. చక్కగా చేసినది మూడు తరాలు నిలుస్తుంది. మాది కూడా నిలిచేదే. కాని 1990ల్లో ఎవరో చెప్పగా విని, పైనంతా సిమెంటు పూయించాము. గోడలకూ అదే పూత. సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ విడిచిపెడుతుంది. సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు. పైపూత నెర్రెలిచ్చిన చోట వాననీరు దిగి, ఆరే దారి లేక దూలాల తలలను కుళ్లబెట్టింది. మొన్నటివరకు తాతగారి పనివాళ్లను తప్పుపట్టాము, తప్పు మాది.

ఈ సంగతి చెప్పింది మేస్త్రీ. డెబ్బై ఏళ్లు దాటినవాడు. సుత్తితో గోడమీద నాలుగుచోట్ల తట్టి, చెవి ఒగ్గి విని, "సామీ, దీని నోరు మూసేసినారు. ఊపిరాడక ఉండాది" అన్నాడు.

అటువంటి మేస్త్రీ మాకు దొరకడం మందం చలవే. ఊరు బాగున్న రోజుల్లో ఆయన అపార్టుమెంట్లవాళ్ల దగ్గర పర్యవేక్షణకు పోయేవాడు. పాత ఇల్లంటే మొగమైనా చూడడు. 2019లో బండ్ల అమ్మకాలు పడిపోయి ఇక్కడి కర్మాగారాల్లో పనిదినాలే తగ్గించారు. ఊరి చుట్టూ సగం కట్టిన భవనాలు కమ్మీలు పైకి చాపుకుని నిలబడ్డాయి. అద్దె ఇళ్లకు పలకలు వేలాడాయి. పని లేక మేస్త్రీ ఇంట్లో కూర్చున్నాడు. మందంలో ఇల్లు కడితే చవకగా అవుతుందని అందరూ అంటారు గాని, అది సగం నిజమే. సిమెంటుమీద పన్ను అప్పుడు నూటికి ఇరవై ఎనిమిది. దాన్ని పద్దెనిమిదికి దించింది 2025 సెప్టెంబరులో, అంటే మా పనయిన ఎన్నో ఏళ్లకు. ఏటి ఇసుక దొరకదు, రాళ్లు పిండి చేసిన ఇసుకే గతి. కూలిరేటు ఎవరూ తగ్గించరు, తగ్గించమని అడగడం కూడా న్యాయం కాదు. మాకు చవకగా దొరికింది మేస్త్రీగారి తీరిక ఒక్కటే. సున్నం రెండు వారాలు తొట్టిలో మగ్గితే గాని ముట్టనన్నాడు. సరేనన్నాము.

2020 జనవరిలో మొదలుపెట్టాము. నేను మద్రాసునుంచి వచ్చి అన్న దగ్గర మకాం వేశాను. ఒకే వివాదం: జగలి. కారు నిలిపే చోటు లేకపోతే ఇంటికి విలువుండదని అన్న కొడుకు పట్టు. వదిన ఏమీ అనలేదు. మరునాడు పొద్దున జగలి మీద ముగ్గు వేసి, అక్కడే కూర్చుని చిక్కుళ్లు తీసింది, మధ్యాహ్నందాకా. జగలి జోలికి ఎవరూ పోలేదు.

మార్చి 25న దేశమంతా మూతబడేనాటికి నడవమీద కప్పు సగం విప్పి ఉంది. జల్లి తట్టే ఆడవాళ్లు తళికి దగ్గరి పల్లెలవాళ్లు, బస్సుల్లేక రాలేరు. ఒరిస్సా కుర్రాళ్లిద్దరు, గంజాం జిల్లావారు, అంతో ఇంతో తెలుగు తెలిసినవారు, మా పెరట్లోనే ఉండిపోయారు. వాళ్లకు వదిన వంట. ఏప్రిల్ నెలాఖరులో సాయంత్రం పూట మామిడివాన దిగింది. టార్పాలిను ఒక మూల ఎగిరిపోయింది. అన్నకు అరవై తొమ్మిదేళ్లు, నాకు అరవై ఆరు. ఆ కుర్రాళ్లతో కలిసి చీకట్లో తాళ్లు లాగుతుంటే నడవలో చీలమండలదాకా నీళ్లు. అన్న నిలబడిపోయి, "నలభై అయిదుకు ఇచ్చేసి ఉంటే పోయేదిరా" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి నిజంగా నాకూ అలాగే అనిపించింది.

తెల్లవారి చూస్తే మేస్త్రీ వాకిట్లో ఉన్నాడు. నాలుగు మైళ్లు సందుగొందుల్లో నడిచి వచ్చాడట. కుర్రాళ్లిద్దరికీ ఇటుక పేర్చడం నేర్పి, తాను కింద కుర్చీలో కూర్చుని అరుస్తూ, ఇరవై రోజుల్లో కప్పు మూయించాడు. తట్టడానికి మనుషులు లేరు గనుక వదిన, నేను, అన్న వంతులవారీగా తట్టాము. నా వంతు పడిన మూల ఈనాటికీ కొంచెం ఎగుడుదిగుడు.

మొత్తం తొమ్మిది లక్షలనుకున్నది పద్నాలుగయింది. అన్న కొడుకు జూన్‌లో బెంగుళూరు అద్దె ఇల్లు ఖాళీచేసి భార్యాబిడ్డలతో వచ్చేశాడు. ఉద్యోగం ఇంటినుంచే, మధ్య గది వాడి కచ్చేరీ. అద్దె మిగిలి, వడ్డీ రేట్లు కూడా తగ్గి, వాయిదాలు గాడిన పడ్డాయి. ఫ్లాటు తాళంచెవి 2022లో వచ్చింది, దాన్ని అద్దెకిచ్చాడు.

2023 ఏప్రిల్ 1న భూమి విలువలు మళ్లీ పెంచి, రిజిస్ట్రేషను రుసుము రెండుకు దించారు. ఆ జూలైలో నేను వెళ్లినప్పుడు మొదటి బేరం తెచ్చిన మధ్యవర్తే మళ్లీ వచ్చాడు. ఇప్పుడు కోటి దాకా పలుకుతుందన్నాడు. వాన పడుతోంది. జగలి మీద అన్న మనుమరాలు పలకమీద 'ఱ' రాయలేక ఏడుస్తోంది. వదిన చెయ్యి పట్టి దిద్దిస్తోంది. అన్న మధ్యవర్తిని నడవలోకి పిలిచి, కప్పుకింద నిలబెట్టి, "చూడప్పా, ఎక్కడన్నా కారతా ఉందా?" అని అడిగాడు. ఆయన మెడ ఎత్తి చాలాసేపు చూశాడు. ఆ ఎగుడుదిగుడు మూల మాత్రం ఆయన కంటపడకుండా నేను అడ్డంగా నిలబడ్డాను.