లాటు ధర

2012లో మా బావగారు నాకొక సలహా ఇచ్చారు. నాన్నగారి ట్రంకుపెట్టెలో ఉన్న అరవై గ్రామఫోను ప్లేట్లనూ లాటుగా అమ్మేసి, ఆ డబ్బు బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకోమని. పాతసామాన్ల వర్తకుణ్ణి ఆయనే వెంటబెట్టుకొచ్చారు. పగిలినవీ అరిగినవీ అన్నీ కలిపి ప్లేటుకి 500, మొత్తం 30,000. నేను ఇవ్వనన్నాను. ఆ రోజు నుంచి ఏ పెళ్లి బంతిలో పక్కపక్కన కూర్చున్నా, "ఏవోయ్, నీ ప్లేట్లు పిల్లల్ని పెట్టాయా?" అని నలుగురూ వినేలా అడగడం ఆయనకి అలవాటైంది. అందుకే ఈ లెక్క రాసి చూపిస్తున్నాను.

నాకు ఒళ్లు మండింది 500 తక్కువని కాదు. అన్నిటికీ ఒకే 500 అన్నందుకు. ఆ పెట్టెలో స్థానం నరసింహారావుగారి ప్లేట్లున్నాయి. బాపట్లలో పుట్టి, తెనాలి నాటకరంగంలో సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా ఆడవాళ్లే అసూయపడేలా నడిచిన మనిషి. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. "అంత పేరున్నాయన ప్లేట్లు ఊరంతా ఉంటాయి, ఎవడు కొంటాడోయ్?" అన్నది బావగారి వాదన. ఇందులో సగం నిజముంది, ఒప్పుకుంటాను. పాతదైనంత మాత్రాన ధర పలకదు, పేరున్నంత మాత్రాన అసలే పలకదు. పేరున్నవాళ్ల ప్లేట్లే ఎక్కువగా అచ్చయ్యాయి, ఎక్కువ ఇళ్లకి చేరాయి.

ఆయన వదిలేసిన రెండో సగం ఏమిటంటే, నచ్చిన ప్లేటే ముందు అరుగుతుంది. ఇవి లక్కతో చేసిన 78 స్పీడు ప్లేట్లు. పది అంగుళాల ప్లేటుకి పక్కకి మూడు నిమిషాల పాట. ఉక్కు ముల్లు ప్రతి పక్కకీ మార్చాలి. ఎవరు మారుస్తారు? మొండిముల్లుతోనే పదిసార్లు తిప్పేవారు. సత్యభామ పాడే 'మీరజాలగలడా' వంటి పాట ఇంటికొచ్చిన చుట్టమల్లా పెట్టమంటే గాళ్లు బూడిదరంగుకి తిరుగుతాయి. వెనకవైపు ఎవరూ అడగని పాట మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. ధర కట్టేవాడు చూసేది బూడిద పక్కనే. కాబట్టి ప్రసిద్ధమైన పాట ప్లేట్లు బోలెడు దొరుకుతాయి, శుభ్రంగా ఉన్నది మాత్రం దొరకదు. డబ్బంతా ఆ తేడాలోనే ఉంది.

ప్లేటుని ఏటవాలు వెలుతురులో తిప్పి చూడటం, వెంట్రుకవాసి బీట పట్టుకోవడం, లేబుల్ పక్కన చెక్కిన నంబరుని బట్టి మొదటి అచ్చో మళ్లీ వేసిందో పోల్చుకోవడం నాకు మెల్లిగా అలవడ్డాయి. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరుగుతుందని కూడా తెలిసింది. నాటకం సెట్టులో ఒక్క ప్లేటు లోపించినా మిగతావి విడి ధరకే పోతాయి. నాన్నగారు అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టారు, అడుగువన్నీ బీటలిచ్చాయి.

ఇక లెక్క. అరవైలో పగిలినవి 11; వాటికి సున్నా. అరిగినవి 32, ఒక్కోటి 200 చొప్పున 6,400. ఓ మోస్తరువి 12, ఒక్కోటి 1,500 చొప్పున 18,000. మచ్చలేనివి ఐదు. వాటిలో నాలుగింటిని 8,000 చొప్పున ఇచ్చాను, 32,000. 2022 నాటికి చేతికొచ్చింది 56,400.

బావగారి 30,000 ఆ రోజుల్లోని 9 శాతానికి, మూణ్ణెల్లకోసారి వడ్డీ కలుపుతూ ఐదేళ్లు వేస్తే 46,800 అయ్యేది. మళ్లీ ఐదేళ్లకి 6.5 శాతమే అనుకుందాం, 64,600. ఇక్కడ ఆయన చంకలు గుద్దుకుంటారు. కాని ఆగాలి. నేను 20 శాతం పన్ను కట్టేవాణ్ణి. వడ్డీమీద పన్ను పోతే 9 కాస్తా 7.2, 6.5 కాస్తా 5.2. అప్పుడు పదేళ్లకి తేలేది 55,500. సెస్సు కలపకుండానే. అంటే 900 రూపాయలు నాదే పైచేయి. అమ్మని ఐదో ప్లేటుని అదే ధరకి లెక్కేసుకుంటే 8,900. బంగారం కొనుంటేనో అంటారా, ఆ మాట మా అక్క ముందు ఎత్తను.

ఈ కాగితం బావగారికి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చదివి, "అమ్మని సరుకుకి లాభమేవిటి? ఆ పాటల మిషను 14,000 పెట్టి కొన్నావే, అదేదీ?" అన్నారు. మిషను వినడానికి కొన్నది, వ్యాపారానికి కాదు. ఈ సంగతి ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. కవర్లకీ పోస్టుకీ అయిన ఖర్చు ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒక్కమాట మాత్రం ఆయన అనకపోయినా నన్ను తొలుస్తోంది. పాట ఫోనులో ఊరికే వినిపిస్తుంటే ప్లేటు కొనేది సేకరించేవాడొక్కడే. నాకు తెలిసిన కొనుగోలుదారుల్లో ఎక్కువమంది నాకంటే పెద్దవాళ్లు. సరుకు అరుదైతే చాలదు, అడిగేవాడు కూడా ఉండాలి. పదేళ్ల తర్వాత ఈ ఐదో ప్లేటు ఇంకా అరుదవుతుందేమోగాని, 8,000 ఇస్తానని తలుపు తట్టేవాడుంటాడన్న నమ్మకం లేదు. అందుకని మొన్న చెన్నైలో ఒకాయనకి 9,000 చెప్పాను. ఆయన 7,000 అన్నాడు. 7,500 దగ్గరకొచ్చి, పోస్టు ఖర్చు ఎవరిదన్నదాని మీద ఆగాం.