ప్రార్థన వేళకి ఫోన్ ఎక్కడుంది?

ఇవాళ్టి కబురు ఫోన్ గురించి. పిల్లల చేతిలో ఫోన్ గురించే అనుకుంటున్నారేమో. అక్కడికీ వస్తాను. ముందు మన చేతుల్లో ఉన్నదాని సంగతి తేలాలి.

మన క్రైస్తవ ఇళ్లలోకి ఫోన్ వచ్చిన దారి కాస్త వేరు. సినిమాల కోసమనో ఆటల కోసమనో వచ్చి ఉంటే మన అమ్మమ్మలు దాన్ని గుమ్మంలోనే ఆపేసేవాళ్లు. టీవీ కొనాలా వద్దా అని ఏళ్ల తరబడి ప్రార్థనలో పెట్టిన ఇళ్లు మనలో ఎన్ని లేవు! ఫోన్ మాత్రం బైబిల్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. 2008లో యూవర్షన్ బైబిల్ యాప్ మొదలైంది. తర్వాత తెలుగు బైబిలూ, పాటల పుస్తకమూ ఫోన్‌లోకి చేరాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. కూలికెళ్లే అక్కయ్య కూడా పొలం గట్టు మీద కూర్చుని ప్రసంగం వినగలిగింది. 2020 మార్చిలో కరోనాతో చర్చి తలుపులు మూతపడేసరికి ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లోకి, ఉపవాస ప్రార్థన జూమ్‌లోకి వెళ్లాయి. ఆ నెలల్లో ఎన్నో సంఘాలు చెదిరిపోకుండా నిలబడింది ఫోన్ వల్లే. ఆ మేలు మర్చిపోకూడదు.

కానీ ఆ మేలు వల్లే ఫోన్‌ని అనుమానించే అలవాటు మనకి కాలేదు. అన్నం దగ్గర ఫోన్ చూస్తూ "వాక్యం వింటున్నా" అంటే ఎవరూ కాదనలేరు. పడుకునేముందు చూస్తూ "ప్రార్థన గ్రూపు చూస్తున్నా" అంటే అసలే అడ్డు చెప్పలేరు. ఆ మాట చాలాసార్లు నిజమే. అయితే ప్రసంగం అయిపోగానే దానంతటదే మరో వీడియో మొదలవుతుంది, దాని కింద ఇంకోటి కనిపిస్తుంది. వాక్యం కోసం తీసిన ఫోన్‌తో గంట గడిచిపోతుంది. పక్కన కూర్చున్న పిల్లాడికి మాత్రం మనం ఏం చూస్తున్నామో తెలియదు. అమ్మ ముఖం ఫోన్ వైపు ఉందన్నదే వాడికి తెలుస్తుంది.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం మన సండే స్కూల్ పిల్లలకి కూడా తెలుసు. దేవుని మాటల గురించి పిల్లలతో ఎప్పుడెప్పుడు మాట్లాడాలో మోషే అక్కడ నాలుగు వేళలు చెబుతాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఒక్కసారి మీ ఇంట్లో ఆ నాలుగు వేళలూ ఎవరికి వెళ్తున్నాయో చూసుకోండి. సోఫాలో కూర్చుంటే ఫోన్, బస్సులో ఫోన్, మంచం ఎక్కితే ఫోన్, కళ్లు తెరవగానే దిండు పక్క నుంచి మళ్లీ ఫోన్. పిల్లలతో మాట్లాడటానికి మోషే చెప్పిన వేళలన్నీ అదే తీసేసుకుంది. నాకు బాధ కలిగించేది ఇదే. ఫోన్‌లో కనిపించే చెడుకి మనం భయపడతాం, భయపడాల్సిందే. కానీ అందులో చెడు ఏమీ లేకపోయినా ఈ నాలుగు వేళలూ పోతే ఇల్లు వెలితి పడుతుంది.

ఇక కుటుంబ ప్రార్థన. చాప పరుచుకుంటాం, ఒక పాట, ఒక కీర్తన, నాన్నగారి ప్రార్థన, చివర్లో అందరం కలిసి పరలోక ప్రార్థన. అక్కడ నలుగురూ నాలుగు ఫోన్లలో వాక్యం తీస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కీర్తన సగంలో ఉండగా పైనుంచి బ్యాంకు మెసేజ్ జారుతుంది, పెళ్లి ఫొటోలు వచ్చాయని ఒకటి, కరెంటు బిల్లని ఒకటి. కళ్లు ఒక్క క్షణం అటు పోతాయి, మనసు అక్కడే ఉండిపోతుంది. అందుకని నా మాట ఒకటి వినండి. ఇంట్లో ప్రార్థనకి అచ్చు బైబిలే తీయండి. పిల్లల చేత తీయించండి. హబక్కూకు ఎక్కడుందో నహూముకీ జెఫన్యాకీ మధ్య వెతుక్కుంటూ పేజీలు తిప్పే పిల్లకి అరవై ఆరు పుస్తకాల వరస చేతివేళ్లకి వచ్చేస్తుంది. ఫోన్‌లో పేరు కొట్టి తీస్తే ఆ దారి తెలియదు. నాయనమ్మకి చిన్న అక్షరాలు కనపడవు, ఫోన్‌లో పెద్దవి చేసుకుని చదువుకుంటుంది అంటారా, తప్పకుండా చదవనివ్వండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇస్తే చాలు, ఏ మెసేజూ ఆవిడ్ని కదిలించదు.

పిల్లల దగ్గరికి వద్దాం. "ఎంత చెప్పినా వినడండీ, ఇంకొక్కటి ఇంకొక్కటి అంటాడు" అని తల్లులు అంటుంటారు. అది పూర్తిగా పిల్లాడి మొండితనం కాదమ్మా. పుస్తకంలో అధ్యాయం అయిపోతుంది, పాటలో చరణం అయిపోతుంది. రీల్స్‌కి అయిపోవడమన్నదే లేదు. వేలితో తోసేకొద్దీ కొత్తది వచ్చే ఆ పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ తయారుచేశాడు. దాని వల్ల జరిగిన నష్టానికి తర్వాత ఆయనే బహిరంగంగా విచారం చెప్పాడు. పెద్దవాళ్లం మనమే ఆగలేకపోతున్న చోట తొమ్మిదేళ్ల వాణ్ణి ఒంటరిగా వదిలి, ఆగలేదని కొడితే అది న్యాయం కాదు. వాడి తరఫున ఆపే పని మనది.

ఇక్కడే నాకు ఏలీ గుర్తొస్తాడు. షిలోహులో యాజకుడు, దేవుని మందిరంలోనే జీవితం గడిపినవాడు. కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు దారి తప్పారు. ఏలీ వాళ్లని తిట్టలేదని చాలామంది అనుకుంటారు. మొదటి సమూయేలు రెండో అధ్యాయం తీసి చూడండి, ముసలితనంలో వాళ్లని పిలిచి మందలించాడు. మూడో అధ్యాయంలో దేవుడు అతని మీద మోపిన నేరం వేరు: తెలిసి కూడా వాళ్లని అడ్డుకోలేదని. మన ఇళ్లలో రోజూ జరుగుతున్నదీ అదే. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఫోన్ కట్టెయ్ అని అరుస్తూనే ఉంటాం, ఫోన్ మాత్రం వాడి చేతిలోనే ఉంటుంది. నాలుగుసార్లు అరవడం కంటే ఒకసారి నెమ్మదిగా తీసి పక్కన పెట్టడం మేలు. ఆ పని చేయాలంటే ముందు మన ఫోన్ పక్కన పెట్టి ఉండాలి, చిక్కంతా అక్కడే ఉంది.

పసిపిల్లల విషయంలో నేను ఏ మాత్రం తగ్గను. అన్నం ముద్ద దిగడానికి దావీదు గొల్యాతు బొమ్మల వీడియో పెట్టడం చూస్తుంటాం, బైబిల్ కథే కదా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్లు నిండని పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. అందులో భక్తి బొమ్మలకి వేరే లెక్క లేదు. ఆ కథ మీరే చెప్పండి. ఏటిలో ఐదు రాళ్లు ఏరుకున్న చోట వాడి చేతిలో ఐదు పప్పు గింజలు పెట్టి చెప్పండి. గొంతు మార్చి గొల్యాతులా అరవండి. ముద్ద దిగుతుంది.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అని ఒక ఊరు. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాలకని ఇచ్చిన ఫోన్లు పిల్లలు వదలట్లేదని 2022లో ఊరంతా కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకుంది. రోజూ రాత్రి ఏడింటికి గుడి మీద సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నరకి మళ్లీ మోగేదాకా ఇళ్లలో టీవీలూ ఫోన్లూ కట్టేయాలి. పిల్లలు పుస్తకాలు తీస్తారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. నాకు నచ్చింది ఆ సైరన్ పెద్దలకీ పిల్లలకీ ఒకటే కావడం. మనకి అసలు కొత్త వేళ వెతుక్కునే పనే లేదు, తరాలుగా కుటుంబ ప్రార్థన వేళ ఉండనే ఉంది. దానికి ముందు భోజనం, తర్వాత పడక కలిపి గంటన్నర లెక్కేసుకోండి. ఇంట్లో ఫోన్లన్నీ ఒకే చోట, ఫ్రిజ్ మీదో హాల్లో అలమరలోనో. నాన్నది ముందు పెట్టాలి. తర్వాత అమ్మది, తర్వాతే పిల్లలవి. చార్జర్లు పడకగదిలోంచి హాల్లోకి మార్చేయండి, రాత్రంతా ఫోన్లు అక్కడే ఉంటాయి. పొద్దున అలారం కోసం ఫోన్ కావాలంటారేమో, బజార్లో అలారం గడియారాలు ఇంకా అమ్ముతున్నారు.

ఒక ఇంటికి మాత్రం ఈ పద్ధతి ఉన్నదున్నట్టు చెప్పను. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి, కడప నుంచి ఇంటిపనికని కువైట్ వెళ్లిన తల్లులు ఎందరో. మనకంటే రెండున్నర గంటలు వెనక వాళ్ల గడియారం. మనకి రాత్రి పదైతే అక్కడ ఏడున్నర, వంటింట్లో చేతినిండా పని. ఏ పది నిమిషాలు దొరికితే అప్పుడు ఆ తల్లి ఫోన్ చేస్తుంది. ఆ పిల్లలకి అమ్మ అంటే ఆ వీడియో కాలే. అలాంటి ఇంట్లో ఫోన్‌కి వేళ పెట్టకండి, ఆ ఒక్క కాల్‌కి మాత్రం ఎప్పుడూ తలుపు తెరిచి ఉండాలి. ఇంకో మాట, ఆవిడ కాల్ చేసినప్పుడు పిల్లాడు గేమ్ మధ్యలో ఉండి "తర్వాత చేస్తానమ్మా" అనకుండా చూడటం అమ్మమ్మగారి పని. కుదిరిన రోజు ఆవిడనీ ప్రార్థనలో కలుపుకోండి. ఫోన్‌ని చాప మధ్యలో గ్లాసుకి ఆనించి పెట్టి, ఆవిడ చేతే ఆఖరి ప్రార్థన చేయించండి.

యౌవనస్థుల గురించి చెప్పడానికి కాస్త గొంతు సవరించుకోవాలి. చూడకూడనివి వాళ్ల కళ్ల ముందుకి వెతక్కుండానే వస్తున్నాయి. పాపం అన్న మాట గట్టిగా వినపడే ఇళ్లు మనవి కాబట్టి మన పిల్లలు ఇంకా ఎక్కువ దాచుకుంటారు. ఎవరో తెలియనివాడు ఫొటో అడిగాడనో, పంపాక బెదిరిస్తున్నాడనో చెప్పడానికి వచ్చిన అమ్మాయితో మొదట "అందుకే ఫోన్ వద్దన్నాను" అంటే ఆ పిల్ల ఇక జన్మలో మీ దగ్గరికి రాదు. ఏమీ జరగకముందే చెప్పి ఉంచండి: ఏం చూసినా, ఏం జరిగినా ముందు నా దగ్గరికి రా, తిట్టను, ఫోన్ లాక్కోను, కలిసి చూద్దాం. పిల్లల్ని ఎవరైనా వేధిస్తుంటే 1098కి ఫోన్ చేయొచ్చని కూడా చెప్పండి. చిన్నపిల్లల ఫోన్లలో గూగుల్ ఫ్యామిలీ లింక్ పెడితే ఎంతసేపు వాడాలో, రాత్రి ఎప్పుడు మూతపడాలో మీరే నిర్ణయించొచ్చు. పిల్లలకి చెప్పే పెట్టండి. చాటుగా పెట్టారని తెలిస్తే నమ్మకం పోతుంది, అది మళ్లీ రావడం కష్టం.

శ్రమల దినాల్లో ఫోన్ ఉపవాసం గురించి కూడా వింటున్నాం. ఇటలీలో మోడెనా కథోలిక అధ్యక్ష మండలం 2009లోనే లెంట్ శుక్రవారాల్లో మెసేజ్‌లు మానమని యువకుల్ని అడిగింది. 2023లో కేరళలో కోతమంగళం బిషప్పుగారు ఫోన్లూ సీరియళ్లూ తగ్గించమన్నారు. మంచిదే, చేయండి. కానీ నలభై రోజులు మానేసి ఈస్టర్ సాయంత్రానికి మళ్లీ మొదటికి వస్తే ఇంట్లో మారేదేం లేదు. ఏడాది పొడుగునా నిలిచే గంటన్నర మీదే నాకు నమ్మకం ఎక్కువ.

పాస్టరు గారూ, చివరిగా మీతో ఒక మాట. కపెర్నహూములో ప్రభువు ఇంకా చీకటుండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేసుకుంటుంటే, అందరూ నిన్ను వెతుకుతున్నారని పేతురు వచ్చి చెప్పాడు. జనం వెతుకుతున్నారని ఆయన వెనక్కి పరుగెత్తలేదు, పక్క ఊళ్లకి బయల్దేరాడు. మీ ఫోన్ రాత్రీ పగలూ మోగుతూనే ఉంటుందని మాకు తెలుసు, మీ పిల్లలు ఆ మోత వింటూనే పెరుగుతున్నారు. సంఘం గ్రూపులో రాత్రి తొమ్మిది తర్వాత ఏదీ పెట్టొద్దని మీరే ఒక మాట అనండి. వాక్యం ఉన్న బొమ్మలు పొద్దున పంపుకోవచ్చు. ఒకరి జబ్బు, ఒకరి ఇంటి గొడవ ప్రార్థనాంశం పేరుతో గ్రూపులో పెట్టేముందు ఆ ఇంటివాళ్లని అడగాలని కూడా చెప్పండి. రాత్రి ఎవరికైనా ఆపదైతే, చావుకబురైతే, మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేసి లేపాలి. ఎవరు ఎవరికి చేయాలో సంఘ పెద్దలతో ఈ ఆదివారమే ఒక కాగితం మీద రాయించేయండి.