బిడ్డ చేతిని కంచంలో పెట్టనివ్వండి

అన్నప్రాశన నాడు జరిగే వేడుక మీకందరికీ తెలిసిందే. పాపాయికి కొత్త బట్టలు తొడిగి, దేవుడి ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు పేర్చి, కాస్త దూరంలో వదిలిపెడతాం. బిడ్డ పారాడుకుంటూ వెళ్ళి పుస్తకం మీద చెయ్యి వేస్తే "అచ్చం తాతగారే!" అని మురిసిపోతాం. ఆ రోజు ఆ చిన్న చేతికి అంత గౌరవం ఇస్తాం. మర్నాటి నుంచి అదే ఇంట్లో ఆ చేతుల్ని ఒకరు గట్టిగా పట్టుకుంటారు, ఇంకొకరు చెంచాతో మెత్తటి అన్నం నోట్లో కూరుతారు!

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో తల్లుల నోట ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "వీడు ఏమీ తినడం లేదు డాక్టరమ్మా! ఆకలి మందు రాయండి." మందు రాయడానికి ముందు నేను ఒక ప్రశ్న అడుగుతాను. "ఎలా పెడుతున్నావమ్మా?" అక్కడే సగం రోగం బయటపడుతుంది. టీవీ ముందు కూర్చోబెట్టి, సెల్‌ఫోనులో బొమ్మలు చూపించి, వీధి చివర కుక్క దాకా ఎత్తుకు తిరిగి, ఏడ్చి నోరు తెరిచినప్పుడు లోపలికి తోసి... ఒక్క పూట తిండికి గంట, గంటన్నర. బిడ్డకీ శిక్ష, తల్లికీ శిక్ష.

ఒకసారి పది నెలల బాబును అత్తాకోడళ్ళు తీసుకొచ్చారు. సంచిలోంచి స్టీలు గిన్నె తియ్యగానే పిల్లవాడు మొహం పక్కకు తిప్పేసి, విల్లులా వెనక్కి విరుచుకుపోయాడు. ఇంకా ముద్ద చూడనే లేదు! అన్నం ముట్టడు కదా అని రోజుకు లీటరు దాకా ఆవుపాలు పడుతున్నారు. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్ష చేయిస్తే రక్తహీనత. ఆవుపాలలో ఇనుము అతి స్వల్పం. పాలతో కడుపు నిండిన బిడ్డకు ఇక అన్నం మీద ధ్యాస ఎలా ఉంటుంది?

వాళ్ళ దగ్గర ఇడ్లీ ఉంటే, బిడ్డ చేతులు కడిగించి, ఇడ్లీని వేలంత ముక్కగా తుంచి శుభ్రమైన పళ్ళెంలో అతని ముందు పెట్టించాను. ఎవరూ మాట్లాడవద్దని చెప్పాను. బాబు కాసేపు చూశాడు. గుప్పిట్లో నలిపాడు. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు. ఒకసారి ఓకరించి నాలికతో బయటకు తోసేశాడు. "అయ్యో, గొంతుకు పడుతుంది!" అని అత్తగారు లేవబోయారు. ఆవిణ్ణి కూర్చోబెట్టాను. బాబు మళ్ళీ అదే ముక్క తీసుకున్నాడు. తిన్నది పావు ఇడ్లీ కూడా ఉండదు. కాని అది తానుగా తిన్నాడు. పాలు తగ్గించి, ఇనుము మందు ఇచ్చి, తిండి పద్ధతి మార్చాక రక్తం కుదుటపడడానికి మూడు నెలలు పట్టింది. ఒక్క రోజులో అద్భుతాలు జరుగుతాయని ఆశించకండి.

ఆరు నెలలే ఎందుకు?

మొదటి ఆరు నెలలు తల్లిపాలు చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత తల్లిపాలు మాత్రమే చాలవు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము ఆ సమయానికి తరిగిపోతూ వస్తుంది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. కనుక మొదటి ముద్ద నుంచే ఇనుము గురించి ఆలోచించాలి. పాలు మాన్పించమని మాత్రం కాదు. రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వవచ్చు.

బిడ్డ సిద్ధమయిందని ఎలా తెలుస్తుంది? మెడ నిలవాలి. కాస్త ఆసరా ఇస్తే నిటారుగా కూర్చోగలగాలి. చేతికందినది గురిచూసి నోట్లో పెట్టుకోవాలి. నోట్లో పెట్టినదాన్ని నాలికతో వెంటనే బయటకు నెట్టేసే అలవాటు తగ్గాలి. మీరు భోంచేస్తుంటే మీ ముద్ద వంక చూసి చెయ్యి చాచుతుంది చూశారా? అదే పిలుపు!

బిడ్డలకు తెలివి ఉంటుందా?

"ఇంత పసిగుడ్డుకు ఎంత తినాలో ఏం తెలుస్తుంది?" అని మీరు అడగవచ్చు. సుమారు వంద సంవత్సరాల క్రితం అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరుకూ ఇదే సందేహం వచ్చింది. అప్పుడే తల్లిపాలు మాన్పిస్తున్న పసిపిల్లల ముందు రకరకాల ఆహారపదార్థాలు విడివిడిగా పెట్టించింది. నర్సు చెంచా పట్టుకుని ఊరకే కూర్చోవాలి. బతిమాలకూడదు, మెచ్చుకోకూడదు. బిడ్డ చెయ్యి చాచి చూపినదే అందించాలి. వేళ్ళతో తిన్నా వద్దనకూడదు. 1939లో ఆమె 15 మంది పిల్లల ఫలితాలు ప్రకటించింది. ఒక్కొక్కరు ఒక్కో రకంగా తిన్నా అందరూ పుష్టిగా పెరిగారు. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో వచ్చిన ఒక బిడ్డ కాడ్‌లివర్ ఆయిల్‌ను నయమయ్యేదాకా తనంత తానే తాగిందట!

అయితే ఆ పళ్ళాల్లో పంచదార లేదు, మిఠాయి లేదు, బిస్కట్లు లేవు. పెట్టిన 34 పదార్థాలూ ఒంటికి మంచివే. ఇందులో మనకు పాఠం ఉంది. ఏం పెట్టాలో నిర్ణయించవలసింది పెద్దలు. ఎంత తినాలో నిర్ణయించవలసింది బిడ్డ. ఈ రెండు పనులూ మనమే చేయబోయినప్పుడు యుద్ధం మొదలవుతుంది.

ఈ మధ్య పై దేశాల్లో ఇదే పద్ధతికి మళ్ళీ ప్రచారం వచ్చింది. ఇంగ్లండులో గిల్ రాప్లీ అనే ఆరోగ్య సందర్శకురాలు 2008లో దీనిపై పుస్తకం రాసింది. గుజ్జు, చెంచా వదిలేసి, ఆరు నెలల నుంచే ముక్కలు బిడ్డ చేతికి ఇమ్మంటుంది. మా అమ్మాయి ఆ పద్ధతి గురించి చదివి వచ్చింది. ఎనభై ఏళ్ళ మా అమ్మ ఉగ్గుగిన్నె తోమించి సిద్ధంగా పెట్టింది. మా ఇంట్లోనే రెండు పార్టీలు తయారయ్యాయి! "అన్నం పరబ్రహ్మం. నేలపాలు చేయిస్తారా?" అని మా అమ్మ బాధ. "బలవంతంగా పోస్తే బిడ్డకు తిండి మీదే విరక్తి పుడుతుంది" అని మా అమ్మాయి వాదం.

చివరకు దారి చూపించింది మా అమ్మే. పప్పన్నం నెయ్యితో మెత్తగా కలిపి, గోరుముద్దలు చేసి, నోట్లో పెట్టకుండా మనవరాలి కూతురి పళ్ళెం అంచున రెండు పెట్టింది. అవి అయ్యాక మరో రెండు. నేలపాలయ్యేది తగ్గింది. పాప చేతికీ పని దొరికింది. గోరుముద్ద మన చేతి కొలత. అది బిడ్డ చేతికి అందేచోట ఉంటే చాలు.

ఏం పెట్టాలి? ఎలా పెట్టాలి?

ఆరు నెలల బిడ్డ వస్తువును అరచేత్తో గుప్పిట పడుతుంది. గుప్పిట్లో ఉన్నది తినలేదు. అందుకని ముక్క గుప్పిట దాటి బయటకు ఉండాలి. మీ వేలంత పొడవు, ఆ మాత్రం లావు ఉంటే సరి. తొమ్మిది నెలలకు అటూ ఇటూగా బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న మెతుకు కూడా ఏరుకుంటుంది. అప్పుడు చిన్న ముక్కలు పెట్టవచ్చు.

ప్రతి ముక్కకూ ఒక పరీక్ష ఉంది. మీ రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కండి. సులువుగా నలిగితే పెట్టవచ్చు. నలగకపోతే ఇంకా ఉడకాలి.

ఆవిరి మీద ఉడికించిన కారట్, సొరకాయ, చిలగడదుంప. పండిన అరటిపండు, బొప్పాయి. ఇడ్లీ ముక్కలు, మెత్తటి దోసె ముక్కలు. పప్పులో నానిన చపాతీ. ముద్దపప్పుతో, ఆకుకూర పప్పుతో గోరుముద్దలు. తినే అలవాటున్న ఇళ్ళలో బాగా ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన కాలేయం. ఇనుముకు ఇవి శ్రేష్ఠం. శాకాహారులు పప్పు, ఆకుకూరలతోపాటు నాలుగు చుక్కల నిమ్మరసమో, ఒక జామపండు గుజ్జో చేరిస్తే ఇనుము బాగా ఒంటబడుతుంది. అంగన్‌వాడీలోనూ, ఆశా కార్యకర్త దగ్గరా ఇనుము సిరప్ వారానికి రెండుసార్లు ఇస్తారు. మానకుండా వేయించండి.

ఏడాది నిండేదాకా విడిగా ఉప్పు, పంచదార వద్దు. తేనె అసలే వద్దు. నాలికకు రాయడం కూడా వద్దు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల వల్ల పసిపిల్లలకు ప్రమాదకరమైన పక్షవాతం వంటి జబ్బు రావచ్చు.

గొంతుకు అడ్డుపడితేనో?

ఇదే అందరి భయం. న్యాయమైన భయమే. అయితే ఓకరింత వేరు, ఊపిరి ఆడకపోవడం వేరు.

ఓకరించే బిడ్డ చప్పుడు చేస్తుంది. మొహం ఎర్రబడుతుంది, దగ్గుతుంది, నాలిక చాచి ముక్కను బయటకు తోస్తుంది. ఇది ప్రకృతి పెట్టిన కాపలా. మీరు నోట్లో వేలు పెడితే ఆ ముక్క ఇంకా లోపలికి పోతుంది. కళ్ళెదుట ఉండి, చేతులు కట్టుకుని చూడండి.

ఊపిరి ఆడని బిడ్డ నిశ్శబ్దంగా ఉంటుంది. దగ్గలేదు, ఏడవలేదు, పెదవులు నీలిబారతాయి. అప్పుడు ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. ఏడాది లోపు బిడ్డ అయితే ముంజేతి మీద బోర్లా వేసి, తల ఛాతీకన్న కిందికి ఉండేలా దవడను పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి అడుగుభాగంతో 5 దెబ్బలు గట్టిగా కొట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము నడుమ ఎముక మీద 5 సార్లు నొక్కండి. ముక్క బయటపడేదాకా, లేక బిడ్డ ఏడ్చేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే ఫోనులో వాళ్ళు చెప్పినట్టు వెంటనే గుండె మర్దన, కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి.

న్యూజిలాండ్‌లో 206 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం జరిగింది. 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తమంతట తాము తిన్న పిల్లలకూ, చెంచాతో తిన్న పిల్లలకూ గొంతుకు అడ్డుపడడంలో తేడా లేదు. తమ చేత్తో తిన్నవాళ్ళు ఆరో నెలలో ఎక్కువగా ఓకరించారు. ఎనిమిదో నెల వచ్చేసరికి రెండోవాళ్ళకంటే తక్కువ ఓకరించారు. నేర్చుకున్నారన్నమాట! కాని ఒకటి మరవకండి. ఆ తల్లులకు ఏ ముక్క ఇవ్వకూడదో ముందే నేర్పించారు. రెండు గుంపుల్లోనూ అడ్డుపడే ప్రమాదం ఉన్నవి పెట్టిన తల్లులు చాలామందే ఉన్నారు.

వేరుశనగపప్పు శ్వాసనాళంలో ఇరుక్కుని, రొప్పుతూ వచ్చిన పిల్లల్ని గొట్టంతో తీయించడానికి పెద్దాసుపత్రికి పంపిన సందర్భాలు నాకున్నాయి. అందుకే చెబుతున్నాను. పల్లీలు, శనగలు, జీడిపప్పు, కొబ్బరి ముక్కలు, జంతికలు, పాప్‌కార్న్, పచ్చి కారట్, పచ్చి ఆపిల్ ముక్కలు, గుండ్రటి ద్రాక్షపళ్ళు, గింజ తీయని సీతాఫలం, సపోటా, రేగుపండు చేతికి ఇవ్వకండి. పల్లీలను మెత్తగా నూరి అన్నంలో పలచగా కలిపి పెట్టవచ్చు.

ఇంకొక ప్రమాదం మన పాత అలవాటులో ఉంది. బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు నొక్కి ఉగ్గు పోయడం. ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తినేటప్పుడు బిడ్డ ఎప్పుడూ కూర్చునే ఉండాలి.

చెంచా పారేయాలా?

అక్కర్లేదు. పై దేశాల పుస్తకంలో ఉన్నదంతా మన ఇంటికి యథాతథంగా సరిపోదు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, మెడ ఆలస్యంగా నిలిచినవాళ్ళు, బరువు పెరగనివాళ్ళు తమ చేత్తో తినే నాలుగు ముక్కల మీద ఆధారపడలేరు. అలాంటి పిల్లల విషయంలో డాక్టరు సలహా తీసుకోండి. మిగతావాళ్ళకు కూడా గట్టిగా కలిపిన పప్పన్నం, రాగిజావ చెంచాతో పెట్టవచ్చు. బిడ్డ చేతిలో ఒక ముక్క ఉండనివ్వండి, మీ చేతిలో చెంచా ఉండనివ్వండి. చెంచా పెదవి దాకా తీసుకువెళ్ళి ఆగండి. నోరు తెరిస్తే పెట్టండి. మొహం తిప్పితే తీసేయండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాల్లో 600 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఏం పెట్టాలో చెప్పడంతోపాటు, బిడ్డ సైగలు గమనిస్తూ, మాట్లాడుతూ, ఆడిస్తూ పెట్టడం కూడా నేర్పించిన ఇళ్ళలో పిల్లలు మంచి ఆహారం ఎక్కువగా తిన్నారు. బుద్ధి వికాసంలో కూడా ముందున్నారు.

ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు రెండు మూడుసార్లు, తర్వాత మూడు నాలుగుసార్లు పెట్టండి. సబ్బుతో మీ చేతులూ, బిడ్డ చేతులూ కడగండి. అప్పటికప్పుడు వండినదే పెట్టండి. మీరు తినే వేళకు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోను వేరే గదిలో ఉంచండి. కింద ఒక పాత దుప్పటి పరవండి. అరగంట కంటే ఎక్కువ పొడిగించకండి. ఈ పూట రెండు మెతుకులే తింటే కంగారుపడకండి. బిడ్డ హుషారుగా ఆడుకుంటూ, నెలనెలా కార్డులో బరువు గీత పైకి వెళుతుంటే ఆ రెండు మెతుకుల గురించి దిగులు అక్కర్లేదు. గీత నిలిచిపోతే మాత్రం ఆకలి మందు కోసం దుకాణానికి వెళ్ళకండి. బిడ్డను ఆసుపత్రికి తీసుకురండి.