ఇంటి వాకిట్లో డీజిలు ఇంజను

నాందేడులోని తెలుగు యిండ్లలో పాత వస్తువు వూరికే గడప దాటదు. మగ్గం పోయినా దాని నాడె అటక మీద వుంటుంది. తాతగారి నాటి వుర్దూ దస్తావేజులు ట్రంకుపెట్టె అడుగున వుంటాయి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు భాగాలై, మన జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరిననాడు కూడ మన పెద్దలు వూరు వదలలేదు, భాష వదలలేదు. అటువంటి యిండ్లలో, నడవక నిలిచిపోయిన పాత డీజిలు కారును యేమి చేయాలన్నది కొంచెం చిక్కు ప్రశ్నే. అమ్ముదామా? తుక్కు కింద వేద్దామా? మేస్త్రీకి అప్పగిద్దామా? మేము వేరే దారి పట్టాము. మేమే విప్పి, మేమే కొలిచి, మేమే బిగించాము. ఆ పనిలో మాకు తెలిసివచ్చిన సంగతులు మన పత్రిక పాఠకులకు చెప్పాలని యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది హిందూస్తాన్ మోటార్స్ వారి అంబాసిడరు. కలకత్తా దగ్గర వుత్తరపారాలో తయారైన యీ కారుకు 1980 ప్రాంతంలో 1489 సి.సి. డీజిలు ఇంజను అమర్చడం మొదలుపెట్టారు. ఆ ఇంజను యింగ్లండులోని బి.ఎం.సి. కంపెనీ వారి నమూనా. దాని బలం 40 గుర్రాలకు లోపే. అయిదుగురు యెక్కితే చడావు మీద ముక్కుతూ మూల్గుతూ పోయేది, కాని పోయేది. ఆ రోజుల్లో పెట్రోలు ధరకూ డీజిలు ధరకూ చాలా తేడా. అందుచేత టాక్సీవారికి డీజిలు బండి కామధేనువు.

మా నాయనగారిని మేము బాపు అని పిలుస్తాము. బాపు యీ బండిని నాందేడు నుంచి దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు రోడ్ల మీద టాక్సీగా తిప్పారు. పెండ్లివారిని తీసుకుపోయారు. అక్షరాభ్యాసానికి బాసరకు యెంతమంది పిల్లలను తీసుకుపోయారో లెక్క లేదు. మా ముగ్గురు అన్నదమ్ముల చదువులు, మా చెల్లెలి పెండ్లి యీ ఇంజను మీదనే జరిగాయి. తరువాత కాలం మారింది. 2013 జనవరి నుంచి డీజిలు ధర నెలనెలా కొంచెం కొంచెం పెంచుతూ వచ్చారు; 2014 అక్టోబరులో ప్రభుత్వం దానిపై అదుపు పూర్తిగా యెత్తివేసింది. అదే యేడు మే నెలలో అంబాసిడరు తయారీ కూడ ఆగిపోయింది. మా బండి వాకిట్లో వేపచెట్టు కింద నిలిచింది.

నిలిచిన బండి గురించి యింట్లో రెండు పక్షాలయ్యాయి. మా తమ్ముడు తుక్కుకు వేయమన్నాడు. అమ్మ వద్దన్నది. యెనభై దాటిన బాపు మాత్రం యే పక్షమూ పట్టలేదు. "బండి నడువకుంటే నడువకపాయె. పొగ పెట్టుకుంట మాత్రం నడపొద్దు. పక్కింట్ల పసిపిల్ల ఉన్నది. తుక్కోనికి ఇచ్చే ముందుగాల ఒక్కపారి ఇప్పి చూడుండ్రి" అన్నారు. ఆ మాటతో మా పని యేమిటో తేలిపోయింది. బండిని కదిలించడం ముఖ్యం కాదు. పొగ లేకుండ కదిలించగలమా లేదా అన్నదే ముఖ్యం.

పొగ సంగతి తెలియాలంటే డీజిలు ఇంజను సంగతి కొంచెం తెలియాలి. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మనందరికీ అనుభవమే. గాలిని అదిమితే వేడి పుడుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గులో నడిపి చూపిన ఇంజనుకు యిదే ఆధారం. పెట్రోలు ఇంజనులో వలె నిప్పురవ్వ వేసే ప్లగ్గు యిందులో లేదు. మా బండి వంటి ఇంజనులో గాలిని యిరవై వంతులకు పైగా అదుముతారు. ఆ గాలి యెంత వేడెక్కుతుందంటే, దానిలోకి చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. కనుక పిస్టను రింగులు అరిగి గాలి జారిపోతే వేడి చాలదు. వేడి చాలకపోతే చలికాలపు ఉదయాన బండి లేవదు. లేచినా కాలని డీజిలు తెల్లని పొగగా వస్తుంది. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదని గుర్తు. నల్లపొగ వస్తే గాలి తక్కువో, డీజిలు యెక్కువో అయిందన్నమాట. మా బండి తెల్లపొగా, నీలిపొగా రెండూ పెట్టేది. జబ్బు రింగుల దగ్గర, బోరు దగ్గర వున్నదని సగం అక్కడనే తెలిసింది.

కప్పీ గొలుసు కిరాయికి తెచ్చి, ఇనుప స్తంభాలు నాలుగు పాతి, ఇంజను పైకి తీశాము. వేలాడే ఇంజను కింద చేయి గాని తల గాని పెట్టరాదని బాపు మంచం మీద నుంచి పదిసార్లు హెచ్చరించారు. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. బేరింగు టోపీ వొకదానిది మరొకదానికి వేస్తే క్రాంకు పట్టేస్తుంది; పుష్‌రాడ్లు కూడ యే చోటివి ఆ చోటికే పోవాలి. చీటీలు వ్రాసే పని మా అన్న కూతురికి అప్పగించాము. ఆ పిల్ల మరాఠీ బడిలో నాలుగో తరగతి. తెలుగు మాట్లాడుతుంది గాని వ్రాయలేదు. బాపు పలక మీద వ్రాసి చూపితే, చూసి చీటీల మీద దిగవ్రాసింది: ముందు, వెనుక, మీద, కింద, వొకటో పిస్టను, రెండో పిస్టను. పది రోజులలో రెండు వందల చీటీలయ్యాయి. బాసరలో అక్షరాభ్యాసం అయితే అయింది గాని, ఆ పిల్లకు తెలుగు అక్షరాలు వచ్చింది మాత్రం యీ మసి చేతుల మధ్యనే. బోల్టులు పెట్టుకోవడానికి అమ్మ పాత వూరగాయ జాడీలు, వొక చాట యిచ్చింది.

తరువాత కొలతలు. ఇంజను పనికి ఇదే గుండెకాయ. మా ఇంజను బోరు కంపెనీ కొలత రెండుం ముప్పాతిక అంగుళాలకు పైన మరి వీసం రెండింతలు, అనగా 73.025 మిల్లీమీటర్లు. మెకానిక్కులు ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతును వొక 'తౌ' అంటారు. తల వెంట్రుక మందం రెండు నుంచి నాలుగు తౌలు వుంటుంది. డయలు గేజి పెట్టి చూస్తే మా బోరు పైభాగం అడుగుకన్న 12 తౌలు యెక్కువ అరిగి వుంది. గుండ్రంగా వుండవలసినది కొంచెం కోలగా కూడ అయింది. రింగులు మంట తగిలే చోట, ఆయిలు తక్కువ అందే చోట యెక్కువ రాపిడి పడతాయి కనుక పైభాగమే ముందు అరుగుతుంది. వట్టి రింగులు మారిస్తే లాభం లేదని తేలింది. 20 తౌల పెద్ద సైజు పిస్టన్లు కొని, బ్లాకును బోరింగుకు పంపాము.

బ్లాకు తిరిగి వచ్చింది. పైకి అద్దంలా మెరుస్తున్నది. యింటిలో మళ్లీ గేజి పెట్టి నాలుగు బోర్లూ మూడేసి చోట్ల కొలిచాము. మూడు సరిగ్గా వున్నాయి. నాలుగోది మాత్రం కావలసినదానికన్న 3 తౌలు వదులు. దుకాణదారుని అడిగితే, "అరే భాయి, పాత డీజిలు బండి, చల్తా హై" అన్నాడు. ఆ మాట మనం రోజుకు యెన్నిసార్లు వింటామో, యెన్నిసార్లు అంటామో చెప్పలేము. రోడ్డు విషయంలో, కుళాయి విషయంలో దానితో యెలాగో గడిచిపోతుంది. కాని ఇంజనులో 3 తౌల వదులంటే పిస్టను పక్కలకు కొట్టుకోవడం, మళ్లీ ఆయిలు పైకి యెక్కడం, మళ్లీ నీలిపొగ, పక్కింటి పసిపిల్ల దగ్గు. మేము తగవు పెట్టుకోలేదు. ఆయననే మా వాకిట్లోకి పిలిచి, గేజి ఆయన చేతికే యిచ్చాము. చూసుకున్నాడు, మాట్లాడలేదు. నాలుగు బోర్లూ 40 సైజుకు మళ్లీ చేసి, కొత్త పిస్టన్ల ఖర్చులో సగం తానే పెట్టుకున్నాడు. కొలత ముందు యెవరికీ కోపం రాదు. ఇది మాకు ఇంజను నేర్పిన పెద్ద పాఠం.

ఇంట్లో చేయరాని పనులు కూడ వున్నాయి. క్రాంకు గ్రైండింగు, బోరింగు యంత్రాల మీద చేసేవి. డీజిలు పంపునూ, నాజిళ్లనూ యింట్లో విప్పనే రాదు. వాటి లోపలి సందు మైక్రానులలో వుంటుంది. దుమ్ము రేణువు వొకటి పడినా చెడుతాయి. అవి పరీక్ష బల్ల వున్నవారి దగ్గరకే పోవాలి. నాజిలు చిమ్మే ధార ముందు వేలు పెట్టడం ప్రాణాపాయం. ఆ వొత్తిడికి డీజిలు చర్మంలోకి దూరిపోతుంది. ఇక కడగడం, కొలవడం, వాల్వులు పేస్టుతో నూరడం, బిగించడం యింటి పనులు. రింగు చివరల మధ్య సందును బోరులో పెట్టి చూసుకోవాలి. అంగుళం బోరుకు మూడు నాలుగు తౌల చొప్పున మాకు సుమారు 10 తౌలు వచ్చేట్టు పెట్టుకున్నాము. హెడ్డు నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతలుగా టార్కు పానాతో బిగించాలి. వొక పక్క నుంచి బిగించుకుంటూ పోతే హెడ్డు వంకర పోతుంది.

డీజిలు గొట్టాలలో గాలి తీసి, హీటరు ప్లగ్గులు వేడెక్కేదాక ఆగి, తాళం తిప్పాము. మూడోసారికి లేచింది. మొదట కొంచెం తెల్లపొగ, తరువాత యేమీ లేదు. బాపుకు యిప్పుడు గేజి మీద గీతలు కనిపించవు. పెద్ద స్క్రూడ్రైవరు కొన బ్లాకు మీద ఆనించి, కర్రపిడి చెవికి పెట్టుకొని విన్నారు. "మూడోదాని టప్పెటు వొదులున్నది" అన్నారు. ఆపి, ఫీలరు గేజి పెట్టి చూస్తే అక్షరాలా నిజం. చెవితో చేసిన కొలత కూడ కొలతేనని ఆనాడు మా పిల్లలు చూశారు.

ఖర్చు సంగతి దాచము. పిస్టన్లు, బేరింగులు, పంపు, నాజిళ్లు, యంత్రాల పని అన్నీ కలిపితే ఆ బండి అమ్మినా రాని సొమ్ము అయింది. లాభం కోసం యీ పనికి పూనుకోవద్దు. చట్టం ప్రకారం కారు రిజిస్ట్రేషను 15 యేండ్లు. ఆ తరువాత అయిదేసి యేండ్లకు పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. పొగ పరీక్షలో నెగ్గని బండిని వుంచుకోవడం న్యాయమూ కాదు. బోరు చివరి సైజు దాటినా, బ్లాకు పగిలినా మమకారం మాని తుక్కుకు పంపడమే మర్యాద. విప్పినప్పుడు వచ్చే పాత ఆయిలు మోరీలో పోయరాదు. మన మోరీలన్నీ చివరకు గోదావరి వైపే పోతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవారికి యివ్వాలి.

మన సంఘ సభ్యుల యిండ్లలో అంబాసిడర్లు, పాత మహీంద్రా జీపులు, సుమోలు యింకా కొన్ని నిలిచి వున్నాయి. వాటిని నడిపిన పెద్దలు కూడ కొందరు వున్నారు. వాటి సంగతి తేల్చే ముందు ఆ పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని, పిల్లల చేతికి చీటీలు యిచ్చి, వొక్కసారి విప్పి చూడండి. వుంచుకోవాలో వదులుకోవాలో కొలతే చెబుతుంది.