పట్టినంతమాత్రాన సరికాదు

పిల్లలూ, మీ ఇంట్లో మూడు కాళ్ల ప్లగ్గును పరిశీలనగా చూశారా? పై కాలు మిగతా రెంటికంటె పొడుగు, లావు. అది భూమికి కలిపే తీగది. ప్లగ్గును తలకిందులుగా పెట్టబోతే పట్టదు. ఆ ఆకారమే మనకు కాపలా అన్నమాట.

కంప్యూటరులోనూ ఇలాటి కాపలా ఉంది. గోడనుంచి వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. లోపలి భాగాలు దానికి తట్టుకోలేవు. అందుచేత పవర్ సప్లై అనే ఇనపపెట్టె దాన్ని 12, 5, 3.3 వోల్టులుగా తగ్గించి తీగలగుండా పంపుతుంది. పూర్వం మదర్‌బోర్డుకు ఈ విద్యుత్తు పక్కపక్కనే ఉండే రెండు ప్లగ్గులద్వారా అందేది. అవి తారుమారైతే బోర్డు పాడయ్యేది. అందుకే పనివాళ్లు "నల్ల తీగలు మధ్యకు రావాలి" అని గుర్తు పెట్టుకునేవారు. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే పద్ధతి తెచ్చింది. దానిలో రెండు ప్లగ్గులకు బదులు 20 రంధ్రాల ప్లగ్గు ఒక్కటే. తరవాత అవి 24 అయినాయి. ఇక తారుమారు కావటానికి వీలే లేదు.

అయితే ఈ కాపలా అన్నిచోట్లా ఉండదు సుమా!

మొన్న వేసవి సెలవులలో, మా తిరువూరులో, మా అక్కయ్య కొడుకు విడిభాగాలు తెచ్చి సొంతంగా కంప్యూటరు బిగించాడు. పాత కంప్యూటరులోని డిస్కును కూడా దీనిలో పెట్టాలి. ఆ డిస్కులో మా అమ్మ పాడిన పాటలున్నాయి. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ పాటలకు మరో ప్రతీ లేదు.

కొత్త తీగ అందలేదని వాడు పాత పెట్టె తాలూకు తీగ తీసి గుచ్చాడు. "పట్టింది, మామయ్యా!" అన్నాడు.

"పట్టింది సరేరా, అది ఏ పెట్టెది?" అన్నాను.

వాడు వెంటనే తీగ ఊడబీకాడు.

ఎందుకంటే, డిస్కువైపు ప్లగ్గు అందరిదీ ఒకటే. పెట్టెవైపు మాత్రం ఏ కంపెనీ ఏర్పాటు దానిదే. రంధ్రాలు సరిపోయినా, 5 వోల్టులు పోవలసిన తీగలో 12 పోవచ్చు. మీట నొక్కగానే డిస్కు మాడిపోతుంది! మేము డిస్కునే దగ్గిరికి జరిపి, కొత్త తీగే తగిలించాము. పాటలు చక్కగా వినిపించాయి.

కనుక మీరు కంప్యూటరు బిగించేటప్పుడు పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. ముందు గోడ ప్లగ్గు తీసెయ్యండి. ఏ పెట్టె తీగలు ఆ పెట్టెకే వాడండి. ప్లగ్గు కొక్కెం టక్కున పడేదాకా నొక్కండి. పట్టకపోతే బలవంతం చెయ్యకండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసినా దానిలో కొంతసేపు విద్యుత్తు నిలవ ఉంటుంది.